వెల లేని సభలు: హార్లెము గ్రంథాలయ చరిత్ర

గోష్ఠి యను మాట మన పండితులకు మిక్కిలి ప్రియమైనది. కవుల కూటమిని, విద్వాంసుల చర్చను ఆ పేరనే పిలుతురు. కాని యా మాట పుట్టినది విద్వత్సభలో గాదు, గోష్ఠములో. అనగా పసులమంద నిలుచు తావున. పసులు చేరిన చోట కాపరులు చేరుదురు. కాపరులు చేరిన చోట మాటలు సాగును. ఆ మాట క్రమముగా రాజాస్థానముల కెక్కెను. ఎక్కిన పిదప ద్వారమున కావలివారు నిలిచిరి. విద్యయు, కళయు, పెద్దల పరిచయమును తలుపులు మూసికొన్నప్పుడు వెలుపల నిలిచినవా రేమి చేయవలెను? ఇరువదవ శతాబ్దమున న్యూయార్కు నగరములోని నల్లజాతివారు ఈ ప్రశ్నకు చెప్పుకొన్న సమాధానమును పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

హార్లెమను పేట ఆదిలో తెల్లవారి కొరకు కట్టబడినది. అవసరమునకు మించి ఇండ్లు కట్టుటచేత అద్దెకు వచ్చువారు కరవై, యజమానులు నల్లజాతివారిని చేర్చుకొనుట కంగీకరించిరి. అదే కాలమున దక్షిణ రాష్ట్రములలో వర్ణవివక్షకును, మూకహత్యలకును, పంటపొలముల ఋణబంధములకును తాళలేక వేలకొలది కుటుంబములు ఉత్తరపు నగరములకు తరలిపోవుచుండెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున కర్మాగారములలో పనులు దొరకుటచే ఆ ప్రవాహము పొంగెను. 1910లో న్యూయార్కు నగరమున లక్షకు లోపుగా నున్న నల్లజాతివారు 1930 నాటికి మూడు లక్షలకు మించిరి. వారిలో పెక్కురకు హార్లెమే గతి యయ్యెను. వేరుచోట ఇల్లు దొరకదు గనుక యజమానులు అద్దెలు హెచ్చించిరి. నెలాఖరున అద్దె కూడనివారు తమ యింటనే విందు పెట్టి, పియానో వాయింపించి, గుమ్మముకడ చిల్లర వసూలుచేసి అద్దె చెల్లించు ఆచారము పుట్టెను. ఇట్టి పేటలో వినోదమునకైనను విద్యకైనను రుసుము పెట్టిన, ఆ రుసుమే గోడ యగునని వేరుగా చెప్పనక్కరలేదు.

రుసుమునకు మించిన గోడయు కలదు. 1923లో హార్లెము నడిబొడ్డున 142వ వీథి మూలను కాటన్ క్లబ్బను నాట్యశాల వెలసినది. అందు పాడువారు, ఆడువారు, వాయించువారు నల్లజాతివారు. కూర్చుండి చూచువారు తెల్లవారు. తమ పేటలో తమవారి పాటను వినుటకు ఆ పేటవారికే ప్రవేశము లేకుండెను. ఈ యొక్క విషయమును మనసున నుంచుకొనినచో, అచ్చటికి కొలదిదూరమున 135వ వీథిలోని శాఖాగ్రంథాలయము చేసిన పని యెంతటిదో బోధపడును.

ఆ గ్రంథాలయభవనము 1905లో తెరవబడినది. 1920లో ఎర్నెస్టైన్ రోజ్ అను తెల్లజాతి మహిళ దానికి అధికారిణిగా వచ్చెను. చుట్టునున్న జనము మారిపోయినను గ్రంథాలయము మారలేదని యామె గ్రహించెను. ఆ సంవత్సరమే క్యాథరీన్ లాటిమర్ అను నల్లజాతి యువతి అచ్చట నియమింపబడెను. ఆ మహానగర గ్రంథాలయసంస్థలో ఆమెయే ప్రథమ నల్లజాతి గ్రంథపాలకురాలు. తరువాత రెజీనా ఆండర్సన్, నవలారచయిత్రి యైన నెల్లా లార్సెన్ మున్నగువారు చేరిరి. తన్ను బోలినవారే బల్లకావల కూర్చుండి యేమి కావలెనని యడిగినప్పుడు, బిడియముతో వచ్చిన కూలిపిల్లవాడు నోరు విప్పును. 1921లో నల్లజాతి చిత్రకారుల చిత్రప్రదర్శనము జరిగెను. సాయంకాలములందు ఉపన్యాసములు, పుస్తకచర్చలు, కవితాపఠనములు సాగెను. వినుటకు వచ్చినవారి కులగోత్రము లడుగువారు లేరు, టిక్కెట్టు లేదు.

ఇట్టి సభల ప్రయోజనము ఉపన్యాసముతో ముగియునని తలచుట పొరపాటు. ఉపన్యాసము ముగిసిన పిదప కుర్చీలు సర్దుచు జనులు మాటలాడుకొను అరగంటయే యొకప్పుడు ఎక్కువ విలువగలది. కలిగినవారి బిడ్డలకు పరిచయములు పుట్టుకతోనే వచ్చును. తండ్రి స్నేహితుడు పత్రికాధిపతి, మేనమామ న్యాయవాది. దక్షిణమునుండి పెట్టె చేతబట్టుకొని వచ్చిన యువకునికి ఎవ్వరున్నారు? 1921లో లాంగ్‌స్టన్ హ్యూస్ అను విద్యార్థి హార్లెమునకు వచ్చి, 135వ వీథిలోని యువజన క్రైస్తవసంఘపు వసతిగృహమున దిగి, ఈ గ్రంథాలయమునకు పోగా అచ్చటివారు అతనిని ఆదరముతో పలుకరించిరి. ఆ పలుకరింపును అతడు తరువాత తన ఆత్మకథలో స్మరించెను. అతడే ఆ జాతి మహాకవులలో నొక్కడయ్యెను. పలుకరింపువలన కవిత్వము పుట్టదు, నిజమే. కాని పుట్టిన కవిత్వము పదిమందిని చేరుటకు ఒక దారి కావలెను గదా!

ఆ దారిని వేయుటలో రెజీనా ఆండర్సన్ మిక్కిలి పాటుపడెను. ఆమె యిల్లు యువరచయితలకు కూడలి యయ్యెను. 1924 మార్చి 21న చార్లెస్ ఎస్. జాన్సన్ అను సంపాదకుడు సివిక్ క్లబ్బులో యువరచయితలకు, పేరుగల ప్రకాశకులకు కలిపి విందు చేసినప్పుడు ఆమెయు అందుకు సాయపడెను. ఆ విందు ఫలముగా ‘సర్వే గ్రాఫిక్’ పత్రిక 1925 మార్చిలో హార్లెమునకై ప్రత్యేకసంచిక వెలువరించెను. దానినుండి ఆలేన్ లాక్ సంపాదకత్వమున ‘ది న్యూ నీగ్రో’ అను గ్రంథము అదే యేట వెడలెను. ఆ విందు ఆహ్వానితులకు మాత్రమే. అయినను అందు కూర్చుండదగినవా రెవ్వరో తెలిసికొనుటకు ఆహ్వానము లేని చోటులే మార్గమైనవి. ఊటబావి లేక కలశమున నీరు రాదు.

అచ్చటి సభలన్నియు నాలుగుగోడల నడుమ జరిగినవి కావు. హ్యూబర్ట్ హారిసన్ అను పండితుడు కరీబియను ద్వీపమైన సెయింట్ క్రోయిలో 1883లో పుట్టి, న్యూయార్కు వచ్చి, తపాలా కార్యాలయమున పనిచేయుచు స్వయంకృషితో విద్య సంపాదించెను. వీథిమూలను నిలిచి చరిత్ర, విజ్ఞానశాస్త్రము, రాజకీయములు బోధించెడివాడు. పనినుండి యింటికి పోవు కూలివా డాగి వినుటకు చెల్లింప వలసినది కాళ్ల నొప్పి మాత్రమే. 1927లో హారిసన్ గతించెను.

హారిసన్, ఆర్టురో షోంబర్గు మున్నగువారు కూడి గ్రంథాలయమునకు తోడ్పడుటకై సంఘముగా నేర్పడగా, 1925లో నల్లజాతి సాహిత్యచరిత్రలకు ప్రత్యేక విభాగము తెరవబడెను. షోంబర్గు 1874లో పోర్టోరికోలో పుట్టినవాడు. నల్లజాతికి చరిత్ర లేదని చిన్ననాడు ఒక యుపాధ్యాయు డనగా, ఆ మాట గ్రుచ్చుకొని జీవితమంతయు పుస్తకములు వెదకెనని చెప్పుదురు. ఉపాధ్యాయవృత్తిలో నున్న మాకు ఈ కథ విన్నపుడెల్ల తల వంగును. తరగతిలో మే మలవోకగా పలికిన మాట ఏ పిల్లవాని గుండెలో ఎన్నేండ్లు నిలుచునో యెవ రెరుగుదురు? అతడు ఒక బ్యాంకి తపాలావిభాగమున ఉద్యోగించుచు, జీతమునందు మిగిల్చి, అయిదువేలకు మించిన పుస్తకములను, మూడువేల వ్రాతప్రతులను, రెండువేల ముద్రాచిత్రములను సేకరించెను. 1926లో కార్నెగీ సంస్థ పదివేల డాలర్లకు ఆ నిధిని కొని గ్రంథాలయమున కిచ్చెను. నాడు చరిత్ర లేదనిన వారికి బదులు పుస్తకపు బీరువాలలో నిలిచెను. చూడగోరువారికి తలుపు తెరచియుండెను.

ఉచితమనగా ఖర్చు లేనిదని కాదు. ఆ ఖర్చు నింకెవ్వరో భరించుచున్నారని యర్థము. ఈ సత్యమును మరచినచో సత్కార్యమును కలహమున ముగియును. 1926లో డాక్టరు డ్యూబాయిస్ ప్రోత్సాహమున క్రిగ్వా అను నాటకసమాజము గ్రంథాలయపు నేలమాళిగలో వెలసెను. నాటకము తమవారిని గూర్చినదై, తమవారు వ్రాసినదై, తమవారికొరకై, తమవారి చెంతనే యుండవలెనని ఆయన మతము. మరుసటియేడు యూలలీ స్పెన్స్ అను రచయిత్రి నాటకము పోటీలో రెండువందల డాలర్ల బహుమానము గెలిచెను. ఆ ధనమును ఆయన ప్రదర్శనపు ఖర్చులక్రింద జమకట్టగా, నటులకు గాని రచయిత్రికి గాని యేమియు దక్కలేదు, సమాజము చీలిపోయెను. ఆయన గొప్పవా డగుటచే ఈ విషయమును దాచుట చరిత్ర కాదు. మరియు రెజీనా ఆండర్సను సాయంకాలములన్ని సభలకు ధారపోసినను, పై పదవి కోరినప్పుడు సంస్థ ఆమెను వెనుక కుంచెను. డ్యూబాయిస్ ఆమె పక్షమున పోరాడెను. 1938లో గాని ఆమె యొక శాఖకు అధికారిణి కాలేదు. సభలో అందరును సమానులే. జీతపు పట్టికలో గాదు.

ఆర్థికమాంద్యకాలమున పేట మరింత బీదదయ్యెను. గ్రంథాలయము మరింత నిండెను. పని లేనివానికి వెచ్చని గదియు, వెలుతురును, వార్తాపత్రికయు దొరకు చోటది. 1934లో ఆరన్ డగ్లస్ తన జాతిచరిత్రను నాలుగు పెద్ద చిత్రములుగా దానికై చిత్రించెను. జేకబ్ లారెన్సు అను బీదబాలుడు హార్లెములోని ఉచిత చిత్రశిక్షణశాలలలో కుంచె పట్టనేర్చి, షోంబర్గు సేకరించిన పుస్తకములు చదివి, 1941లో దక్షిణమునుండి జరిగిన మహావలసను అరువది చిత్రములుగా ముగించెను. 1940లో ఆ నేలమాళిగలోనే అమెరికన్ నీగ్రో థియేటరు మొదలయ్యెను. సిడ్నీ పోయిటియర్, హారీ బెలఫాంటీ, రూబీ డీ మొదలగు నటులు ఆ సమాజమున తరిఫీదు పొందినవారే.

1969 వేసవిలో ఈ సంప్రదాయము ఆరుబయలికి వచ్చెను. మౌంట్ మారిస్ ఉద్యానమున ఆరు ఆదివారములు ఉచిత సంగీతసభలు జరిగెను. టోనీ లారెన్సు అను గాయకుడు వానిని నడపెను. నగరపాలకులును, ఒక కాఫీ వర్తకసంస్థయు ఖర్చునకు తోడ్పడిరి. మహేలియా జాక్సన్, నీనా సిమోన్, స్టీవీ వండర్ పాడిరి. మొత్తము మూడులక్షలమంది వచ్చిరని యంచనా. మానవుడు చంద్రునిపై కాలుమోపిన జూలై 20 నాడును ఒక సభ జరిగెను. పిల్లలను భుజముల నెత్తుకొని వచ్చిన తల్లిదండ్రులును, ముసలివారును ఆ పచ్చికపై నొక్కచో కూర్చుండిరి. సభలు చలనచిత్రముగా తీయబడినను ఆ చిత్రములో పెక్కుభాగము సుమారు ఏబదియేండ్లు పెట్టెలలో నుండెను. 2021లో ‘సమ్మర్ ఆఫ్ సోల్’ అను పేర వెలువడి, 2022లో ఆస్కారు బహుమానము నొందెను.

ఒక జాతివారికై ప్రత్యేకముగా సభలు కూర్చుట భేదమును పెంచదా యని కొందరు శంకింతురు. శంక న్యాయమైనదే గాని, ముం దెవరు వేరుచేసిరని విచారింపవలెను. కాటన్ క్లబ్బు తలుపు మూసినవారు వేరుచేసిరి. 135వ వీథిలో తలుపు తెరచినవారు గాదు. ఆ గ్రంథాలయసభలకు తెల్లవారును వచ్చిరి, కూర్చుండిరి, చర్చించిరి. ఇంటిలో నిర్భయముగా మాటలాడ నేర్చినవాడే బయట ధైర్యముగా మాటలాడగలడు.

షోంబర్గు 1938లో గతించెను. అతని పేర ఆ సంగ్రహము నేడును అదే వీథిలో పరిశోధనకేంద్రముగా నున్నది. 1991లో లాంగ్‌స్టన్ హ్యూస్ చితాభస్మమును ఆ కేంద్రపు సభాంగణము వెలుపలి మందిరమున నేలక్రింద నుంచిరి. ఆ నాడు మాయా ఏంజెలో, అమిరి బరాకా అను నిరువురు రచయితలు ఆ నేలపై నృత్యము చేసిరి. ఒకనాడు బిడియముతో గ్రంథాలయపు గడప దాటిన విద్యార్థి, నేడు సభకు వచ్చువారికి పాదపీఠమై యున్నాడు.

పాఠకులారా, మన యూళ్లలోను పఠనాలయములు కలవు, పురాణములు జరుగును, వార్షికోత్సవములు సాగును. రుసుము లేదని చెప్పి మన మూరకుండుదుము. కాని వాకిట సందేహించుచు నిలిచినవానిని లోనికి పిలిచి, పేరడిగి, పదిమందికి పరిచయము చేయువా రున్నారా? రాబోవు సభకు కుర్చీలు వేయించునప్పుడే ఆ పనికొక మనిషిని నియమింతము.