మంచం పక్కన కుర్చీ

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఒక సందులో మా బాబాయికి జిరాక్స్ షాపు ఉంది. ఒకప్పుడు జావా నోట్సు, ఇప్పుడు పైథాన్ నోట్సు, ఏ కోర్సుకు గిరాకీ ఉంటే ఆ కట్టలు కౌంటరు మీద పేర్చి ఉంటాయి. ఆరేళ్ల కిందట ఆయనకు గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, మనిషే బాగాలేడు.

స్నానానికి వెళితే తలుపు గడియ పెట్టుకునేవాడు కాదు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని నాడి లెక్కపెట్టేవాడు. చొక్కా జేబులో సార్బిట్రేట్ మాత్రలు ఉన్నాయో లేదో తడుముకోకుండా గుమ్మం దాటేవాడు కాదు. మెట్లెక్కడం మానేశాడు. "ఏమీ కాదండీ, ధైర్యంగా ఉండండి" అని పిన్ని అంటే మీద పడి అరిచేవాడు, తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లున్నాయి, ఉప్పూ నూనే తగ్గించమని ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉంది. భయం గురించి ఒక్క ముక్క లేదు.

ధైర్యం ఉన్నవాణ్ణి మనం గుండె నిబ్బరం గలవాడంటాం. బెదిరితే గుండె జారిందంటాం. దుఃఖం పట్టలేకపోతే గుండె చెరువైందంటాం. ఈ మాటల మధ్య పుట్టి పెరిగిన మనిషికి "మీ గుండె దెబ్బతింది" అని చెబితే, రక్తనాళం పూడుకుందన్న సంగతి ఒక్కటే ఎలా వినిపిస్తుంది? నా మటుకు నాకు బాబాయి జబ్బులో సగం ఆ మాటలోనే ఉందనిపించేది. వైద్యం ఈ సగాన్ని పట్టించుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ కథ ఒక కుర్చీతో మొదలవుతుంది.

గుండెపోటు వస్తే మనిషి అక్కడికక్కడే పోవాలనేం లేదని, బతికి బయటపడవచ్చని 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ రాశాడు. బతికినవాడికి ఆ రోజుల్లో దొరికిన వైద్యం మంచం. నాలుగు నుంచి ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి. పక్కకి ఒత్తిగిలాలన్నా ఇంకొకరు సాయం పట్టాలి. అన్నం ఇంకొకరు తినిపించాలి, మలమూత్రాలు మంచం మీదే. కదలిక లేక కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీసేది. అంతకంటే ముందు మనసు చచ్చేది. కదిలితే చస్తావని ఆరు వారాలు చెప్పించుకున్నవాడు ఏడో వారం లేచి ఏ ధైర్యంతో నడుస్తాడు?

బోస్టన్‌లోని పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో శామ్యూల్ లెవైన్ అనే పెద్ద డాక్టరు, ఆయన దగ్గర శిష్యరికం చేస్తున్న బెర్నార్డ్ లౌన్ ఈ పద్ధతిని కాదన్నారు. గుండెపోటు వచ్చినవాళ్లను మొదటి రోజుల్లోనే మంచం దింపి చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. సాటి డాక్టర్లు ఇది హత్యతో సమానమన్నట్టు చూశారు. 81 మందిని అలా కూర్చోబెట్టి, ఫలితాలను 1952లో ప్రకటించారు. కీడేమీ జరగలేదు. పడుకున్నవాడు పైకప్పు చూస్తూ చావు గురించి ఆలోచిస్తాడు. కూర్చున్నవాడికి ఎదుటి మనిషి మొహం కనిపిస్తుంది, ఇంటికెప్పుడు పంపుతారని అడగాలనిపిస్తుంది. గుండె పునరావాస వైద్యానికి మొదటి పనిముట్టు ఆ కుర్చీయే.

ఆ లెవైన్ గురించే లౌన్ తర్వాత ఒక సంగతి రాసుకున్నాడు. లైబ్రరీలో పనిచేసే ఒక నడివయసు ఆవిడ గుండె కవాటం జబ్బుతో వచ్చింది. ప్రాణం మీదికి వచ్చేంత జబ్బు కాదు. రౌండ్స్‌లో లెవైన్ చుట్టూ ఉన్న డాక్టర్లతో "ఈవిడకు టీఎస్" అని వెళ్లిపోయాడు. డాక్టర్ల పొడి మాటల్లో అది ట్రైకస్పిడ్ స్టెనోసిస్, అంటే ఒక కవాటం ఇరుకవడం. ఆవిడ దాన్ని 'టెర్మినల్ సిట్యుయేషన్' అనుకుంది, ఇక ఆఖరేనని అర్థం చేసుకుంది. నిమిషాల్లో ఒళ్లంతా చెమటలు, నాడి పరుగు, అంతకుముందు తేటగా ఉన్న ఊపిరితిత్తుల్లో నీరు. లౌన్ ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ రోజే చనిపోయింది. కుర్చీ ఇచ్చి నిలబెట్టిన వైద్యుడి నోటి మాటే, కూర్చుని విడమరచి చెప్పకపోయేసరికి, అలా తగిలింది. ఇది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

అదే ఆస్పత్రిలో అటూ ఇటుగా అప్పుడే ఇంకో పని జరిగింది. రెండో ప్రపంచయుద్ధంలో సైనికుల గుండెల్లోంచి తూటా ముక్కలు తీసి పేరుపొందిన సర్జన్ డ్వైట్ హార్కెన్ అక్కడ కవాటాల ఆపరేషన్లు చేస్తున్నాడు. 1951లో ఆయన పేషెంట్లు నలుగురు కలిసి, ఆపరేషన్‌కు బెదురుతున్న కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుందామని అనుకున్నారు. 'నాకూ కోశారు, చూడండి, నడుస్తున్నాను' అని చెప్పడమే వాళ్ల పని. 'మెండెడ్ హార్ట్స్' అనే సంఘం అలా పుట్టింది. గుండె రోగికి మానసిక ఆసరా ఇవ్వాలని మొదట తోచింది ఆ నలుగురు రోగులకే అనుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

పునరావాసమంటే ఒంటిని, మనసును, నలుగురిలో మనిషి బతుకును కలిపి నిలబెట్టడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1964లోనే చెప్పారు. అయినా ఆచరణలో నడక యంత్రం ముందుకొచ్చింది, మనసు వెనకబడింది. లెక్క తేలింది 1993లో. మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందితో, రెండు వారాలు గడిచేలోపే, పక్కన కూర్చుని మాట్లాడింది. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవాళ్లు ఆరు నెలల్లో చనిపోయే ప్రమాదం, గుండె ఎంత దెబ్బతిందో లెక్కలోకి తీసుకున్నాక కూడా, మిగతావాళ్లకంటే నాలుగు రెట్లుగా తేలింది. కుంగిన మనిషి మాత్రలు మానేస్తాడు, నడక మానేస్తాడు, మానేసిన సిగరెట్టు మళ్లీ పట్టుకుంటాడు. లోపల ఒత్తిడి హార్మోన్లు గుండెను పరుగు పెట్టిస్తుంటాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది.

మరి మాటలతో వైద్యం చేస్తే చావులు తగ్గుతాయా? అమెరికాలో 2,481 మందితో చేసిన పరిశోధన ఫలితం 2003లో వచ్చింది. కుంగుబాటు తగ్గింది, ఒంటరితనం తగ్గింది, చావుల లెక్క మారలేదు. దీన్ని పట్టుకుని ఇదంతా దండగన్నవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. రాత్రి నిద్ర పట్టడం, మనవణ్ణి ఎత్తుకోవడం, షాపు షట్టరు తీయగలగడం ఫలితాలు కావా?

మన హైదరాబాద్ సంగతికొద్దాం. పంజాగుట్టలో ఎముకల ఆస్పత్రిగా ఉన్న నిజాం ఆస్పత్రిని నిమ్స్‌గా తీర్చిదిద్దే పనికి అమెరికా నుంచి వచ్చిన రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు తొలి డైరెక్టరుగా నడుం కట్టారు. అక్కడ హృద్రోగ విభాగాన్ని నడిపిన డాక్టర్ బి. సోమరాజు, రక్షణ పరిశోధనలో ఉన్న అబ్దుల్ కలాంతో కలిసి 1990ల్లో తక్కువ ఖరీదు స్టెంట్ తయారుచేయించారు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పేదవాడికీ గుండె ఆపరేషన్‌ను అందుబాటులోకి తెచ్చింది. ఇవన్నీ చేతులెత్తి మొక్కవలసిన పనులే. ఆరు వారాల మంచం ఇప్పుడు మూడు నాలుగు రోజులకు తగ్గింది. భయం మాత్రం మూడు రోజుల్లో తగ్గేది కాదు, అది ఇంటికొచ్చాక మొదలవుతుంది. అప్పటికి చుట్టూ నర్సు లేదు, మానిటర్ లేదు.

పోనీ మనసు డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, మెట్రోలో పంజాగుట్ట నుంచి ఎర్రగడ్డ నాలుగో స్టేషన్. మానసిక వైద్యశాల అక్కడే ఉంది. కానీ 'ఎర్రగడ్డ' అనే మాటను ఈ ఊళ్లో తిట్టుగా వాడి వాడి పాడుచేశాం. గుండె రోగి ఆ నాలుగు స్టేషన్లు దాటడు. దిగులుగా ఉందనడు. నీరసం, దడ, ఛాతీలో బరువు అంటాడు. అవి గుండె జబ్బు లక్షణాలు కూడా కావడంతో మళ్లీ ఈసీజీయే తీస్తారు. అందుకే మనసు సంగతి అడిగే మనిషి గుండె ఓపీలోనే కూర్చోవాలంటాను.

మన దేశంలో దారి చూపిన ప్రయత్నం ఒకటుంది. దొరైరాజ్ ప్రభాకరన్, సంజయ్ కిన్రా బృందాలు 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు నుంచి బయటపడ్డ 3,959 మందితో 'యోగా-కేర్' పరీక్ష చేశాయి. సగం మందికి మామూలు సలహాలు, మిగతా సగం మందికి పన్నెండు వారాల్లో 13 తరగతులు. తేలిక ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం, కూర్చుని కష్టసుఖాలు మాట్లాడుకోవడం. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. మళ్లీ గుండెపోట్లు, చావుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. యోగా చేసినవాళ్లు తమ పాత పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్లారు, తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు, చాప చాలు.

బాబాయిని తిప్పింది ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి. మూడో వారం ఆయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, చేతి నాడి పట్టుకుని, "ఆయాసం వస్తే ఆగుదాం అంకుల్. భయం వేసినా ఆగుదాం, చెప్పండి" అంది. భయం వేసినా ఆగవచ్చని ఆయనకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు ఏడు మెట్లు, వారానికి ఒక అంతస్తు. మధ్యలో ఒకనాడు తొమ్మిదో మెట్టు మీద ఆగి ఏడ్చాడట. పిన్నికి చెప్పలేదు, నాకు చెప్పాడు.

మొన్న షాపుకి వెళ్లాను. ఆస్పత్రి ఫైలు పట్టుకుని ఒకాయన వచ్చాడు, మెడలో తువ్వాలు, పక్కన కొడుకు. రెండేసి కాపీలు కావాలన్నారు. బాబాయి కాగితం మిషన్లో పెడుతూ పైన రాసింది చూశాడు.

"స్టెంట్ వేసి ఎన్ని రోజులైంది పెద్దాయనా?"

"పదిరోజులు."

"రాత్రి నిద్ర పడుతోందా?"

ఆయన కొడుకు వైపు చూసి, తువ్వాలు సర్దుకున్నాడు. "వడ్తలేదు సార్. కన్ను మూస్తే మళ్ల తెరుస్తనో లేదో అనిపిస్తది."

బాబాయి మిషన్ ఆపి, కౌంటరు వెనక ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకొచ్చి ఇవతల వేశాడు.