పాయింట్ రేయెస్: ఒక వన్యసీమ చరిత్ర

ఒక ప్రాంతాన్ని చట్టం ‘వన్యసీమ’గా ప్రకటించగానే, అక్కడ ఎన్నడూ మనుషులు లేరని మనం అనుకుంటాం. పర్యావరణ చరిత్ర విద్యార్థులుగా మీరు ఈ భావనను ప్రశ్నించాలి. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు వాయవ్యంగా, పసిఫిక్ తీరంలో ఉన్న పాయింట్ రేయెస్ ఇందుకు తగిన ఉదాహరణ.

మూలవాసులు: ఇక్కడ కోస్ట్ మివోక్ ప్రజలు వేల ఏళ్లు జీవించారు. గడ్డి మైదానాలను అదుపులో తగలబెట్టి, కొత్త చిగురు మొలిచేట్టు చూసుకునేవారు. 1817లో స్పెయిన్ మతప్రచారకులు శాన్ రఫేల్‌లో మిషన్ స్థాపించారు. మిషన్లకు చేరిన మూలవాసుల్లో చాలామంది కొత్త వ్యాధులకు బలయ్యారు.

పాడి పరిశ్రమ: 1849 నాటి బంగారు వేటతో శాన్‌ఫ్రాన్సిస్కో జనాభా ఒక్కసారిగా పెరిగింది. నగరానికి వెన్న కావలసివచ్చింది. 1850ల నుంచి ఇక్కడ పాడిక్షేత్రాలు వెలిశాయి. వెన్న ఓడల్లో నగరానికి చేరేది. వేట వల్ల, పశువుల మేత వల్ల దుప్పి జాతికి చెందిన టూలీ ఎల్క్ ఈ తీరంలో కనుమరుగైంది.

పరిరక్షణ: 1962లో అధ్యక్షుడు కెన్నెడీ సంతకంతో ఇది జాతీయ తీరోద్యానమైంది. ప్రభుత్వం పాడిక్షేత్రాలను కొని, ఆ రైతులకే కౌలుకిచ్చింది. 1976లో కొంత భాగాన్ని వన్యసీమగా ప్రకటించారు. 1978లో టొమాలెస్ పాయింట్‌కు 10 ఎల్క్‌లను తెచ్చి వదిలారు. అవి పశువుల బీళ్లలోకి రాకుండా కంచె వేశారు. 2013–14 కరువు కాలంలో కంచె లోపలి మంద దాదాపు సగానికి తగ్గింది. 2024 డిసెంబరులో ఆ కంచెను తొలగించాలని నిర్ణయించారు. 2025 జనవరిలో వెల్లడైన ఒప్పందం ప్రకారం అత్యధిక పశుక్షేత్రాలు మూతపడాలి. తరతరాల రైతులతోపాటు, అక్కడే నివసించే కూలీల కుటుంబాలూ ఇళ్లు వదలాలి.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. టొమాలెస్ పాయింట్‌కు వెళ్లే కాలిబాట పాత పియర్స్ పాయింట్ పాడిక్షేత్రం దగ్గర మొదలవుతుంది. సందర్శకులు ఎల్క్‌లను చూస్తూ నడిచే ఆ దారి చాలా దూరం ఒకప్పటి పాడిక్షేత్రపు బండిబాటే. అంటే వన్యసీమ చరిత్రకు ముందే ఉన్నది కాదు, చరిత్రలో తయారైనది. వన్యప్రాణులను కాపాడటం అవసరమే. అయితే ఏ కాలపు ప్రకృతిని కాపాడాలో ఎంచుకున్న ప్రతిసారీ, ఎవరో ఒకరు ఆ నేల విడవవలసి వచ్చిందని మరువకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: పాయింట్ రేయెస్‌లో ‘స్థానికులు’ ఎవరు? మూలవాసులు, రైతులు, కూలీలు, వన్యప్రాణులు – ఈ నలుగురి దృష్టితో పది వాక్యాల్లో చర్చించండి.