ఇంటి డీవీడీ తయారీ: చిక్కుల చరిత్ర

ఇంట్లో తీసిన వీడియోను ఇంటి కంప్యూటరు మీదే డీవీడీగా మార్చుకునే పని 2001 ప్రాంతంలో మొదలైంది. పదిహేనేళ్లు తిరక్కుండానే వాడుక నుంచి జారిపోయింది. ఆ కొద్దికాలంలోనే పెళ్లిళ్లు, బారసాలలు, గృహప్రవేశాలు, బడి వార్షికోత్సవాలు లెక్కలేనన్ని డిస్కులకు ఎక్కాయి. రాత్రంతా రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చే పని) నడిచి తెల్లవారేసరికి ఆగిపోయిన కంప్యూటర్లు, చుట్టాలంతా టీవీ ముందు చేరాక మధ్యలో ఆగిపోయిన డిస్కులు కూడా ఆ చరిత్రలో భాగమే. ఈ కష్టాలకు వాడేవాళ్ల తెలియనితనం కంటే పెద్ద కారణం ఒకటి ఉంది. డీవీడీ ప్రమాణాన్ని రాసుకున్నది సినిమా కంపెనీల కోసం, డిస్కులు అచ్చువేసే ఫ్యాక్టరీల కోసం. ఇంటి వీడియో అందులోకి ఆలస్యంగా వచ్చి, ఉన్న ఇరుకులోనే సర్దుకోవలసి వచ్చింది.

డీవీడీకి ముందు వీడియో సీడీ ఉండేది. ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కంపెనీలు కలిసి 1993లో దాని ప్రమాణాన్ని ఖరారు చేశాయి. ఎంపెగ్-1 పద్ధతిలో కుదించిన 74 నిమిషాల వీడియో ఒక సీడీలో పట్టేది. మన దేశపు పాల్ పద్ధతిలో బొమ్మ కొలత 352 × 288 మాత్రమే, అంటే ఇంచుమించు వీహెచ్‌ఎస్ క్యాసెట్టు స్పష్టతే. అమెరికాలో ఇది పెద్దగా పాకలేదు కానీ ఆసియా దేశాల్లో బాగా నిలదొక్కుకుంది. తెలుగునాట పెళ్లి వీడియో క్యాసెట్టును వదిలి డిస్కుకు మారింది ఈ దారిలోనే. నాలుగు గంటల పెళ్లికి నాలుగు సీడీలు అయ్యేవి. బొమ్మ నాసిగా ఉన్నా తయారీలో చిక్కులు తక్కువ. బిట్‌రేటు, అంటే సెకనుకు ఎన్ని బిట్లు వాడాలో, ప్రమాణమే తేల్చేసింది, మెనూల బాధ దాదాపు లేదు. ఎంచుకోవలసినవి లేనందువల్ల తప్పులకూ చోటు తక్కువే.

డీవీడీ అలా కాదు. పోటీ పడుతున్న కంపెనీల బృందాలు రెండూ 1995లో రాజీకి వచ్చి ఒకే డిస్కుకు ఒప్పుకున్నాయి. ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లో, 1997 మార్చిలో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. బొమ్మ సాధారణంగా ఎంపెగ్-2లో ఉంటుంది, సెకనుకు 9.8 మెగాబిట్లు దాటకూడదు. శబ్దం, ఉపశీర్షికలు అన్నీ కలిపినా 10.08 మెగాబిట్లే పరిమితి. శబ్దం నమూనాల రేటు కనీసం 48 కిలోహెర్ట్జ్ ఉండాలి, ఆడియో సీడీల 44.1 పనికిరాదు. ఇవన్నీ కలిసి వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో, ఒక్కొక్కటి ఒక గిగాబైటు మించని వీఓబీ ఫైళ్లుగా కూర్చోవాలి. ఏ బటను నొక్కితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఐఎఫ్‌ఓ ఫైళ్లు, వాటి నకళ్లుగా బీయూపీ ఫైళ్లు పక్కనే ఉండాలి. ఐఎఫ్‌ఓలో ఒక చిరునామా తప్పినా ప్లేయరు మెనూ దగ్గరే చతికిలబడుతుంది. ఇంతటి నిబంధనల పుస్తకం అందరికీ దొరికేది కాదు. 5,000 డాలర్లు కట్టి, రహస్యం కాపాడతామని సంతకం పెడితేనే ఇచ్చేవారు. అందుకే డీవీడీఆథర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు రాసినవాళ్లు మార్కెట్లో ఉన్న డిస్కులనే విప్పి చూసి, నిబంధనలను ఊహించి పట్టుకోవలసి వచ్చింది. ఈ గోప్యత చేసిన నష్టం చిన్నది కాదు. డిస్కు ఆడకపోతే ఏ నిబంధన తప్పిందో తెలుసుకునే దారి మామూలు మనిషికి లేకుండా పోయింది.

పయొనీర్ 1997లో తెచ్చిన మొదటి డీవీడీ-ఆర్ రికార్డరు ధర సుమారు 17,000 డాలర్లు. అందులో రాసే డిస్కులో 3.95 గిగాబైట్లే పట్టేవి. అది స్టూడియోల పనిముట్టే తప్ప ఇంటి వస్తువు కాదు.

ఈలోగా కెమెరా వైపు పెద్ద మార్పు వచ్చింది. 1995లో వచ్చిన డీవీ పద్ధతితో వీడియో క్యాసెట్టు మీదే అంకెల రూపంలో నమోదైంది. ఫైర్‌వైర్ తీగ ద్వారా అది నాణ్యత తగ్గకుండా కంప్యూటరులోకి వచ్చేది. అయితే గంట వీడియోకు దాదాపు 13 గిగాబైట్లు కావాలి. 1990ల చివరి హార్డ్ డిస్కులకు అది మోయలేని బరువు. పాత ఏవీఐ ఫైలు 2 గిగాబైట్ల దగ్గర, విండోస్ 98 కాలపు ఫ్యాట్32 డిస్కులో ఏ ఫైలైనా 4 గిగాబైట్ల దగ్గర ఆగిపోయేది. అంటే క్యాప్చర్ (కెమెరా నుంచి వీడియోను కంప్యూటరులోకి ఎక్కించే పని) పది నిమిషాలకో, ఇరవై నిమిషాలకో తెగేది. హార్డ్ డిస్కు ఒక్క క్షణం వెనకబడినా ఫ్రేములు జారిపోయేవి. విండోస్‌కు ఇంకో అలవాటు ఉండేది: హార్డ్ డిస్కుతో మాటామంతీలో వరుసగా కొన్ని పొరపాట్లు జరిగితే, చెప్పాపెట్టకుండా వేగమైన డీఎంఏ పద్ధతి మాని నెమ్మదైన పీఐఓకి దిగేది. నిన్నటిదాకా సవ్యంగా క్యాప్చర్ చేసిన కంప్యూటరు ఈ రోజు ఫ్రేములు ఎందుకు వదులుతోందో తెలియక కొత్త క్యాప్చర్ కార్డులు కొన్నవాళ్లు ఉన్నారు.

2001 జనవరిలో ఆపిల్ కంపెనీ డీవీడీ రైటరు బిగించిన పవర్ మాక్ జీ4 కంప్యూటరును, దానితోపాటు ఐడీవీడీ సాఫ్ట్‌వేరును విడుదల చేసింది. దాని వెనక, అంతకు ముందు ఏడాది కొన్న అస్టార్టె అనే జర్మన్ కంపెనీ పనితనం ఉంది. గంట వీడియోను ఎంపెగ్-2గా మార్చడానికి మామూలు సాఫ్ట్‌వేరుకు 25 గంటలు పడుతుంటే, తమది రెండు గంటల్లో ముగిస్తుందని ఆపిల్ చెప్పుకుంది. కంప్యూటరు ధర 3,499 డాలర్లు, ఖాళీ డిస్కు ఒక్కొక్కటి పది డాలర్లు. ఆ తర్వాత విండోస్ వైపు యూలీడ్, పినాకిల్, సోనిక్, నీరో సంస్థల సాఫ్ట్‌వేర్లు వరసకట్టాయి. తెలుగునాట పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ సెంటర్లలో మాత్రం, జపాన్‌లోని కోబే నగరానికి చెందిన కానోపస్ వారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఎడియస్ పాతుకుపోయింది.

ఇక్కడి నుంచి అసలు కథ. డీవీడీ తయారీలో క్యాప్చర్, ఎడిటింగ్, ఎన్‌కోడింగ్, మెనూల కూర్పు, డిస్కు రాయడం అనే పనులు వరుసగా జరుగుతాయి. తప్పు ఒక మెట్టు మీద పుడుతుంది, బయటపడేది మాత్రం చివరి మెట్టు మీద, టీవీ ముందు. అందుకే ఏ తప్పుకైనా మొదటి నింద డిస్కు మీద, రెండోది ప్లేయరు మీద పడేది.

ఫీల్డుల వరుస ఇందుకు చక్కని ఉదాహరణ. పాతకాలపు టీవీ ఒక ఫ్రేమును రెండు విడతలుగా, సరి వరుసలు ఒకసారి, బేసి వరుసలు ఒకసారి గీసేది. డీవీ కెమెరాలు కింది ఫీల్డును ముందు పంపేవి. చాలా క్యాప్చర్ కార్డులు పై ఫీల్డును ముందు పెట్టేవి. సాఫ్ట్‌వేరులో ఈ ఎంపిక తారుమారైతే కంప్యూటరు తెర మీద తేడా తెలిసేది కాదు. టీవీలో మాత్రం నడిచే మనుషులంతా వణుకుతూ, ముందుకీ వెనక్కీ ఊగుతూ కనిపించేవారు. మరమ్మతు ఒక్క మీట మార్చడమే. కానీ మొత్తం రెండరింగ్ మళ్లీ మొదటి నుంచి జరగాలి. పట్టుచీరల జరీ అంచు మినుకుమినుకుమంటూ అదరడం కూడా ఈ రెండు విడతల గీతల ఫలితమే. సన్నని అడ్డగీత ఒకే ఫీల్డులో ఉంటే సెకనుకు 25 సార్లు వెలిగి ఆరుతుంది. బొమ్మను నిలువుగా కొద్దిగా మసకబరిస్తే ఆ అదురు తగ్గుతుందని ఎడిటర్లు అనుభవం మీద తెలుసుకున్నారు.

బిట్‌రేటు లెక్క అంతకంటే కఠినమైనది, ఎందుకంటే అక్కడ రాజీ తప్ప పరిష్కారం లేదు. ఒక పొర డిస్కులో 470 కోట్ల బైట్లు పడతాయి. అట్ట మీద 4.7 గిగాబైట్లని ఉంటుంది. విండోస్ తన లెక్కలో దాన్నే 4.38 అని చూపిస్తుంది. ఈ తేడా తెలియక 4.6 వరకు నింపిన ప్రాజెక్టులు ఆఖరి ఘడియలో చోటు చాలదంటూ ఆగిపోయేవి. గంట వీడియోకు సెకనుకు 8 మెగాబిట్లు నిశ్చింతగా ఇవ్వవచ్చు. రెండు గంటలైతే మొత్తం 5.2కి దిగుతుంది. మూడు గంటలకు 3.5 కూడా దాటదు. తెలుగు పెళ్లి గంటలో ముగిసేది కాదు. స్నాతకం నుంచి అప్పగింతల దాకా అంతా ఒకే డిస్కులో కావాలని ఇంటివాళ్లు అడిగేవారు. ఎంపెగ్-2 బొమ్మను చిన్న గడులుగా కోసి, కదలని భాగాన్ని పాత ఫ్రేము నుంచే తీసుకుని చోటు మిగులుస్తుంది. తలంబ్రాలు పోసే ఘట్టంలో ఆ ఎత్తు పారదు. వేల బియ్యపు గింజలు ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు పడతాయి, మధ్యలో కెమెరాల ఫ్లాష్‌లు మొత్తం వెలుతురును క్షణక్షణం మార్చేస్తాయి. పాత ఫ్రేము నుంచి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు. సెకనుకు 3.5 మెగాబిట్లతో ఆ ఘట్టం గళ్లు గళ్లుగా విరిగిపోయేది. అంటే పెళ్లిలో అందరూ మళ్లీ మళ్లీ చూడాలనుకునే చోటే బొమ్మ అన్నిటికంటే నాసిగా వచ్చేది. బిట్‌రేటును అవసరం కొద్దీ పెంచి తగ్గించే రెండు విడతల ఎన్‌కోడింగ్ దీనికి కొంత ఊరట. అది దాదాపు రెట్టింపు సమయం తీసుకునేది. గిరాకీ ఉన్న ముహూర్తాల నెలల్లో మిక్సింగ్ సెంటర్లకు ఆ తీరిక ఉండేది కాదు.

శబ్దం సంగతి వేరు. శబ్దాన్ని కుదించే డాల్బీ ఏసీ-3కి లైసెన్సు రుసుము ఉండడంతో తొలినాళ్ల చవక సాఫ్ట్‌వేర్లు ఆ సౌకర్యం ఇవ్వలేదు. కుదించని పీసీఎం శబ్దం ఒక్కటే సెకనుకు 1.5 మెగాబిట్లు మింగేది. దాని పక్కన బొమ్మకు 8 పైగా ఇస్తే, ఇంట్లో రాసిన డిస్కును కష్టపడి చదివే పాత ప్లేయర్లు తడబడేవి. పాటల సీడీ నుంచి తెచ్చి కలిపిన నేపథ్య సంగీతం 44.1 నుంచి 48కి సరిగా మారకపోయినా, ఏవీఐలో బిట్‌రేటు మారుతూ ఉండే ఎంపీ3 ఉన్నా, పెదవులకూ మాటలకూ పొంతన కొద్దికొద్దిగా తప్పుతూ పోయేది.

డిస్కుల దగ్గర కంపెనీల పోరు మరో తలనొప్పి తెచ్చింది. డీవీడీ-ఆర్‌కు పోటీగా ఫిలిప్స్, సోనీ, హెచ్‌పీ తదితరులు ప్లస్ రకం డిస్కులు తెచ్చారు. 2002 నాటికి డీవీడీ+ఆర్ కూడా బజారులో ఉంది. డిస్కు తాను ఏ రకమో చెప్పే చిన్న గుర్తు లోపల ఉంటుంది. తెలియని గుర్తు కనబడితే కొన్ని ప్లేయర్లు డిస్కును బయటికి నెట్టేసేవి. ప్లస్ డిస్కు మీద ఆ గుర్తును డీవీడీ-రోమ్‌గా మార్చి రాసే సౌకర్యం కొన్ని రైటర్లలో ఉండేది. అది తెలిసినవాళ్ల డిస్కులు ఎక్కువ ప్లేయర్లలో ఆడేవి. చవక డిస్కులను 16ఎక్స్ వేగంతో రాయడం, పైన కాగితపు స్టిక్కరు అంటించడం మరికొన్ని తప్పులు. వేగంగా తిరిగే డిస్కు స్టిక్కరు బరువుకు సమతూకం తప్పుతుంది, జిగురు ఎండేకొద్దీ వంగుతుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలు ఎదుర్కొన్న ఇబ్బందిని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. ఇక్కడి నుంచి పంపిన పెళ్లి డీవీడీ అక్కడి ప్లేయరులో ఆడకపోతే రీజియన్ కోడే కారణమనుకునేవారు. నిజానికి ఆ కోడ్ సినిమా కంపెనీలు పెట్టుకున్న తాళం, ఇంటి డిస్కులకు అది ఉండదు. అసలు అడ్డంకి పాల్. ఇక్కడి డిస్కులో సెకనుకు 25 ఫ్రేములు, 576 వరుసలు. అక్కడి ఎన్‌టీఎస్‌సీ టీవీకి 29.97 ఫ్రేములు, 480 వరుసలు. ఇక్కడి ప్లేయర్లు సాధారణంగా రెండిటినీ ఆడించేవి, అక్కడివి చాలావరకు ఒక్కదాన్నే. అదే డిస్కు అక్కడి కంప్యూటరులో హాయిగా ఆడేది.

ఈ అనుభవాలన్నిటి నుంచి ఒక పని పద్ధతి తయారైంది. ఎడిటింగ్ నుంచి నేరుగా డిస్కుకు పంపకుండా, ముందు ఎంపెగ్-2 ఫైలు విడిగా చేయాలి. దాన్ని చివరిదాకా చూశాక వీడియో_టీఎస్ ఫోల్డరును హార్డ్ డిస్కు మీదే కూర్చాలి. ఆ ఫోల్డరును కంప్యూటరులో ఆడించి, తర్వాత చెరిపి రాయగల డిస్కు మీద ఒక ప్రతి తీసి టీవీలో పరీక్షించాలి. అన్నీ సరిపోతేనే మంచి డిస్కు మీద తక్కువ వేగంతో రాయాలి. ఏ మెట్టు దగ్గర తప్పు కనబడితే ఆ మెట్టుకే మరమ్మతు సరిపోతుంది. రెండరింగ్ మధ్యలో ఆగిపోతే తాత్కాలిక ఫోల్డరులో ఖాళీ ఉందా, ప్రాసెసరు వేడెక్కుతోందా అని ముందు చూసేవారు. ఎప్పుడూ ఒకే నిమిషం దగ్గర ఆగితే ఆ చోటున్న క్లిప్‌నో, ఫొటోనో తీసేసి చూసేవారు. వేర్వేరు చోట్ల ఆగితే వేడినో, మెమొరీనో అనుమానించేవారు. ఈ తర్కం ఏ కంపెనీ కరపత్రంలోంచీ రాలేదు, పనిచేసినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని పోగుచేసుకున్నదే.

2006లో వచ్చిన ఏవీసీహెచ్‌డీ కెమెరాలు, ఆ తర్వాతి ఫోన్లు కొత్త చిక్కులు తెచ్చాయి. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల రేటును మార్చుకుంటాయి, డీవీడీకి స్థిరమైన రేటు కావాలి. కానీ అప్పటికే పెన్‌డ్రైవులు, యూట్యూబ్ డిస్కు పనిని అందుకున్నాయి. విండోస్ విస్టాతో వచ్చిన విండోస్ డీవీడీ మేకర్ 2012లో విండోస్ 8 వచ్చేసరికి లేదు. అదే ఏడాది కొత్త ఐమాక్‌లోంచి డిస్కు డ్రైవు మాయమైంది. మన దేశంలో ఖాళీ డిస్కులకు పెద్ద పేరైన మోసర్ బేర్ దివాలా తీసి 2018లో లిక్విడేషన్‌కు (ఆస్తులమ్మి మూసివేతకు) వెళ్లింది. 2025 ఫిబ్రవరిలో సోనీ రికార్డబుల్ బ్లూరే డిస్కులతోపాటు మినీడీవీ క్యాసెట్ల తయారీని కూడా నిలిపివేసింది.

ఇంట్లో రాసిన డిస్కులో సమాచారం ఉండేది సేంద్రియ రంగు పొరలో. ఎండకు, వేడికి, తేమకు అది క్రమంగా చెడుతుంది. బీరువాల్లో పెళ్లి డీవీడీలున్న కుటుంబాలు డ్రైవులు దొరుకుతున్నప్పుడే వీడియో_టీఎస్ ఫోల్డరును ఉన్నది ఉన్నట్టు, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించుకోవాలి. ఒక డ్రైవు చదవలేకపోయిన డిస్కును వేరే కంపెనీ డ్రైవు చదివే అవకాశం ఉంది కనుక, మొదటి ప్రయత్నం విఫలమైందని ఏ డిస్కునూ పారేయవద్దు.