పికప్‌కు పెద్ద టైరు: పొలం బురద నుంచి కంపెనీ కేటలాగు దాకా

అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవాళ్లు కంపెనీ టైర్లు విప్పించి, వాటికన్నా ఎత్తూ వెడల్పూ ఎక్కువున్నవి బిగించుకోవడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే ఒక ఆచారంగా, వ్యాపారంగా స్థిరపడింది. దాని వెనకున్న అవసరం మాత్రం పికప్ కన్నా పాతది. 1908లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారు తెచ్చేనాటికి ఆ దేశపు పల్లె దారుల్లో చాలావరకు మట్టి బాటలే. వానొస్తే ఇరుసు లోతు బురద, ఎండొస్తే గట్టిపడిన బండి గాళ్లు. అందుకే మోడల్ టి చక్రం సన్నగా ఉన్నా వ్యాసం మాత్రం 30 అంగుళాలు. రైతులు ఆ కారు వెనక భాగం కోసేసి చెక్క తొట్టి కట్టించుకునేవారు. అది చూసి ఫోర్డ్ తనే 1925 ఏప్రిల్‌లో 281 డాలర్లకు తొట్టితో సహా మోడల్ టి అమ్మడం మొదలుపెట్టింది. కంపెనీ స్వయంగా తయారుచేసిన తొలి పికప్‌లలో అదొకటి. కొన్నవాడు బండిని తన పనికి తగ్గట్టు మార్చుకోవడం, ఆ మార్పును కొన్నేళ్లకు కంపెనీ తలకెత్తుకోవడం అన్న క్రమం అక్కడే మొదలైంది. పెద్ద టైర్ల చరిత్ర కూడా అదే దారిలో నడిచింది.

పెద్ద టైరు చేసే పనులు రెండు. మొదటిది బండిని నేల మీద తేల్చడం. టైరు నేలను తాకే మేర, దాని మీద పడే బరువును లోపలి గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. ఒక చక్రం మీద 400 కిలోలు, అంటే దాదాపు 880 పౌండ్లు పడితే, చదరపు అంగుళానికి 35 పౌండ్ల గాలి ఉన్న టైరు సుమారు 25 చదరపు అంగుళాల మేర నేలను తాకుతుంది. గాలిని 12 పౌండ్లకు దించితే ఆ మేర 70 చదరపు అంగుళాలు దాటుతుంది. ఇసుకలో, మెత్తటి మట్టిలో కూరుకుపోవడమా, పైన తేలిపోవడమా అన్నది తేలేది ఇక్కడే. అయితే సన్నటి టైరులో అంత తక్కువ గాలి ఉంచితే పక్క గోడలు నలిగిపోతాయి, రిమ్ము నేలకు కొట్టుకుంటుంది. తక్కువ గాలితో నడవాలంటే లోపల గాలికి చోటెక్కువ ఉండాలి, అంటే టైరు లావు కావాలి. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ తక్కువ ఒత్తిడి బెలూన్ టైర్లను కార్లకు తెచ్చింది. 1930ల మొదట్లో అదే సూత్రం ట్రాక్టర్ల ఇనప చక్రాలను మూలకు నెట్టింది.

రెండో పని ఎత్తు. పికప్ కింద అన్నిటికన్నా దిగువన వేలాడేది ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ గుండు. కమాను కట్టల కింద దిమ్మలు పెట్టి బాడీని ఎంత లేపినా ఆ గుండు ఉన్నచోటనే ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అదైనా సగమే లేపుతుంది: టైరు వ్యాసం నాలుగు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది రెండు అంగుళాలు. రాళ్ల దారుల్లో తిరిగేవాళ్లకు ఆ రెండు అంగుళాలే కావాలి.

యుద్ధం ఈ రెండు లాభాలనూ లక్షల మంది యువకులకు చేతికిచ్చి చూపింది. 1942 నుంచి అమెరికా సైన్యం వాడిన డాడ్జ్ ముప్పావు టన్ను ట్రక్కులకు 9.00-16 సైజు టైర్లు ఉండేవి. యుద్ధం ముగియగానే డాడ్జ్ ఆ ట్రక్కును కొద్దిగా మార్చి 1946లో పవర్ వ్యాగన్ పేరుతో పౌరులకు అమ్మింది. దాని టైర్లూ 9.00-16 సైజువే, వ్యాసం సుమారు 35 అంగుళాలు. ఈనాడు ఆడంబరంగా చెప్పుకునే 35 అంగుళాల టైరు ఎనభై ఏళ్ల కిందటే కంపెనీ నుంచి వచ్చిందన్నమాట. దానికి చెల్లించిన మూల్యమూ దాచలేదు. 94 హార్స్‌పవర్ ఇంజను అంత పెద్ద చక్రాన్ని తిప్పాలంటే ఇరుసులో 5.83 నిష్పత్తి గేర్లు వేయాల్సి వచ్చింది. బండి దేన్నైనా లాగేది గానీ రోడ్డు మీద నత్తనడకే. అడవుల్లో, గనుల్లో, నూనె బావుల దగ్గర దానికి మంచి గిరాకీ ఉండేది. మామూలు ఇళ్ల ముందు కనిపించేది కాదు. షెవర్లే 1957లో, ఫోర్డ్ 1959లో ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లను సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టాక రంగంలోకి కొత్తవాళ్లు దిగారు. వాళ్లకు వారమంతా ఉద్యోగం, శని ఆదివారాలు ఎడారి.

దక్షిణ కాలిఫోర్నియా ఇసుక దిబ్బల్లో, సరిహద్దు దాటితే మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో తిరిగే ఈ సెలవు యాత్రికులకు కంపెనీ టైర్లు చాలేవి కావు. కావలసినవి ఏ కారు షాపులోనూ దొరికేవీ కావు. 1960ల్లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో డిక్ సెపెక్ అనే ఎడారి ప్రియుడు వెడల్పాటి ఫ్లోటేషన్ టైర్లు సంపాదించి, ముందు తోటి యాత్రికులకు, తర్వాత టపా కేటలాగు ద్వారా దేశమంతటికీ అమ్మాడు. 1967లో బాహాలో మొదలైన వెయ్యి మైళ్ల పందెం ఆ టైర్లకు ప్రచారమూ అయింది, పరీక్షా అయింది. దేశం ఇంకో అంచున, లూసియానా చిత్తడి నేలల్లో, సమస్య ఇసుక కాదు బంకమట్టి. అక్కడ లావుతో పాటు లోతైన గట్లు కావాలి, అవి తిరుగుతూనే మట్టిని విదిలించుకోవాలి. ఇంటర్కో కంపెనీ సూపర్ స్వాంపర్ టైరు ఆ నేలకు పుట్టిన బిడ్డ. నున్నటి రోడ్డెక్కితే అది చేసే హోరు వేరే సంగతి.

అప్పటిదాకా ఈ టైర్లన్నీ పాతకాలపు బయాస్ అల్లికవి. బురదలో మొండిగా పనిచేసేవి కానీ రోడ్డు మీద ఊగేవి, త్వరగా అరిగేవి. 1976లో బి.ఎఫ్.గుడ్‌రిచ్ తెచ్చిన ఆల్-టెరైన్ టి/ఏ రేడియల్ ఆ కొరత తీర్చింది. సోమవారం ఆఫీసుకూ శనివారం ఎడారికీ ఒకే టైరు సరిపోయింది. 1980లో అదే కంపెనీ మడ్-టెరైన్ వచ్చింది. వీటి కొలత చెప్పే తీరు కూడా వేరు. 31x10.50R15 అంటే 31 అంగుళాల వ్యాసం, పదిన్నర అంగుళాల వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. వ్యాసమే ముందు కనిపిస్తుంది. ముప్పై ఒకటా, ముప్పై మూడా, ముప్పై అయిదా అన్నదే యజమానుల మధ్య కొలబద్ద అయింది. పక్కలకు ఎత్తుగా పోతపోసిన తెల్లక్షరాలతో టైరు చూపులకు కూడా వస్తువైంది. ఎడారి మొహం చూడని బళ్లకూ అవి రావడం ఈ కాలం నుంచే.

చూపు వ్యవహారం ఎంతదూరం పోగలదో మిసోరీ రాష్ట్రానికి చెందిన బాబ్ చాండ్లర్ చూపించాడు. సెయింట్ లూయిస్ దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల విడిభాగాల దుకాణం నడిపే చాండ్లర్, తన 1974 నాటి ఫోర్డ్ ఎఫ్-250కి ఒకదాని తర్వాత ఒకటి పెద్ద టైర్లు వేస్తూ పోయాడు. టైరు పెరిగితే ఇరుసు విరిగేది, బలమైన ఇరుసు వేస్తే దానికి ఇంకా పెద్ద టైరు పట్టేది. బిగ్‌ఫుట్ అనే ఆ బండి 48 అంగుళాల టైర్లతో 1981లో ఒక పొలంలో రెండు పాత కార్ల మీదుగా నడిచింది. దాన్ని తీసిన వీడియో చూసిన ప్రదర్శనల నిర్వాహకులు బండిని స్టేడియాలకు తెచ్చారు. కొద్దికాలానికే పొలాల్లో ఎరువు చల్లే యంత్రాలకు వాడే 66 అంగుళాల టైర్లు దానికెక్కాయి. మాన్‌స్టర్ ట్రక్ ప్రదర్శనలు అలా పుట్టాయి. పొలం కోసం చేసిన టైరు వినోదశాలకు చేరింది. వీధుల్లోనూ దాని నకళ్లు లేచాయి. మామూలు కారు బంపరుకు అందనంత ఎత్తున ట్రక్కు బంపరు ఉంటే గుద్దినప్పుడు ఎవరికి నష్టమో తెలిసిందే. పలు రాష్ట్రాలు బంపరు ఎత్తుకు హద్దులు పెట్టాయి.

ఇంట్లో చేసుకునే మార్పు ఇంత దూరం పోకపోయినా ఖర్చు ఒక్క టైరుతో ఆగేది కాదు. 31 అంగుళాల టైరు తీసి 35 వేస్తే చుట్టుకొలత దాదాపు 13 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి అసలు వేగం 68కి దగ్గర. మైళ్ల లెక్కా అంతే తగ్గుతుంది. ఇరుసు గేరు 3.73 అయితే అది 3.30లా పనిచేస్తుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంజను మూలుగుతుంది, పెట్రోలు తాగుతుంది. పాత లాగుడు రావాలంటే 4.10కో 4.56కో క్రౌన్, పినియన్ మార్పించాలి, అదీ ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా రెండు ఇరుసులకూ. బరువు సంగతి సరేసరి: 18 కిలోల టైరు స్థానంలో 30 కిలోలది తిరుగుతుంటే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, బాల్‌జాయింట్లు, బేరింగులు ముందే అరుగుతాయి. చక్రం పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటే దాన్ని కోయాలి, లేదా బండిని లేపాలి. కేటలాగుల్లో టైరు పక్కనే లిఫ్ట్ కిట్, గేరు సెట్టు, వెడల్పు మడ్‌గార్డు అమ్మకానికి ఉండటానికి కారణం ఇదే. ఈ వ్యాపారంలో టైరు ఎర మాత్రమే అని చెప్పినా తప్పు లేదు.

ముందు ఇరుసు ఒకే కడ్డీగా, కమాను కట్టల మీద ఉన్నంతకాలం బండిని లేపడం పెరటి షెడ్డులో అయ్యే పని. అమెరికాలో 1979 నుంచి 1985 దాకా అమ్మిన టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ అలాంటిదే. 1986 మోడల్ నుంచి టొయోటా ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఇచ్చింది. 1988లో షెవర్లే కూడా అదే చేసింది. ప్రయాణం మెత్తబడింది, లేపడం మాత్రం ఫ్రేము కింద బ్రాకెట్లు దించి, డిఫరెన్షియల్‌ను కిందికి జరిపే పెద్ద పనయింది. పాత టొయోటాలకు అభిమానుల్లో ఇప్పటికీ ఉన్న ధరకు ఇదొక కారణం.

ఇదే కాలంలో ఐస్‌లాండ్ ఈ కళను మరో దిక్కుకు తీసుకుపోయింది. అక్కడ సమస్య మంచు. హిమానీనదాల మీద దారులుండవు, పైపొర విరిగితే బండి దిగబడుతుంది. ఐస్‌లాండ్ మెకానిక్కులు టొయోటా హైలక్స్ లాంటి పికప్‌లకు 38, 44 అంగుళాల టైర్లు వేసి, మంచు మీదికి వెళ్లగానే గాలిని రెండు మూడు పౌండ్లకు దించేవారు. అంత తక్కువ గాలికి టైరు చదునై పాదంలా పరచుకుంటుంది. 1990లో టొయోటా దిగుమతిదారు నీడలో మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ ఆ పనిని పరిశ్రమ స్థాయికి చేర్చింది. వాళ్లు తయారుచేసిన హైలక్స్‌లో బి.బి.సి. టాప్ గేర్ బృందం 2007లో ప్రసారమైన యాత్రలో అయస్కాంత ఉత్తర ధ్రువం 1996లో ఉన్న చోటికి చేరింది. పెద్ద టైరు ఎందుకు పుట్టిందో ఆ ప్రయోజనాన్ని ఎక్కువ నిజాయితీగా నిలబెట్టింది అమెరికా కాదు, ఈ చిన్న ద్వీపమే.

అమెరికాలో 2000 సంవత్సరం తర్వాత చట్టం, ఎలక్ట్రానిక్స్ కలిసి అడ్డు తగిలాయి. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడి బళ్లు పల్టీలు కొట్టిన ఉదంతంలో ఆ ఏడాది 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. దరిమిలా వచ్చిన చట్టం వల్ల 2008 మోడల్ నుంచి తేలికపాటి బళ్లన్నిటికీ టైరు గాలి చూసే సెన్సర్లు తప్పనిసరయ్యాయి. 2012 మోడల్ నాటికి జారుడును అదుపుచేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ కూడా తప్పనిసరయింది. అది చక్రం తిరిగే లెక్కల మీదే ఆధారపడుతుంది. వెనకటి మెకానిక్కు గేర్‌బాక్సు తోకలోని చిన్న ప్లాస్టిక్ గేరు మార్చి స్పీడోమీటరు సరిచేసేవాడు. ఇప్పుడు కంప్యూటరుకు కొత్త టైరు సైజు నేర్పాలి.

చిక్కులు ఇలా పెరిగేసరికి ఆ పనిని కంపెనీలే నెత్తికెత్తుకున్నాయి. 2005లో డాడ్జ్ పవర్ వ్యాగన్ పేరును మళ్లీ బతికించి 33 అంగుళాల టైర్లు, 4.56 గేర్లు ఇచ్చింది. 2010 మోడల్ ఫోర్డ్ రాప్టర్ 315/70R17 టైర్లతో వచ్చింది. వాటిని 35 అంటారు గానీ లెక్క వేస్తే 34.4 అంగుళాలు. 2021 మోడల్‌లో అదే ఫోర్డ్ 37 అంగుళాల టైరును కంపెనీ ఐచ్ఛికంగా ఇచ్చింది. ఒకప్పుడు కోసిన మడ్‌గార్డు, మార్చిన గేరు ఇప్పుడు వారంటీతో, వాయిదాల మీద దొరుకుతున్నాయి.

తెలుగు నేలకూ ఈ వాహనంతో చుట్టరికం ఉంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో మొదలైన ఇసుజు కర్మాగారంలో డి-మాక్స్ వి-క్రాస్ పికప్ తయారవుతోంది. మొదట్లో దానికిచ్చిన 255/65R17 టైరు వ్యాసం దాదాపు 30 అంగుళాలు. ఇక్కడ అమెరికా తరహా స్వేచ్ఛ లేదు. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు మొదట చెప్పినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇక్కడ పెద్ద టైరు మీద మనసు పడినవాళ్లు టైరు షాపుకన్నా ముందు రవాణా కార్యాలయంలో, బీమా కంపెనీలో అడిగి తెలుసుకోవాలి.