రైలు బ్రేకు - ఇంటిని ఊడ్చు యంత్రము

ఖరగ్‌పూరు రైల్వే కుటుంబములకు ‘వాక్యూమ్’ అను మాట ఇంటిని ఊడ్చు యంత్రముతో పరిచయమైనది కాదు. రైలు బ్రేకుతో పరిచయమైనది. 1902లో వాల్తేరు-కటకము మార్గము బెంగాల్ నాగపూర్ రైల్వేలో చేరినది. 1904 నాటికి ఖరగ్‌పూరు వర్కుషాపు వెలసినది. ఆ మార్గము వెంట ఉద్యోగార్థమై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగువారెందరో. వారి చేతులలో మరమ్మతు పొందిన వస్తువులలో వాక్యూమ్ బ్రేకు ఒకటి.

దాని పని విధానము వినదగినది. ఇంజను నుండి చివరి పెట్టె వరకు సాగిన గొట్టములోని గాలిని, ఇంజనుపై గల ఎజెక్టరు ఆవిరి బలముతో తోడివేయును. పాదరసపు కొలతలో సుమారు 21 అంగుళముల శూన్యమేర్పడగా బ్రేకులు వదలును. గాలి లోనికి వచ్చినచో బ్రేకులు పడును. అనగా గొట్టము తెగినను బండి తనంతట తానే నిలిచిపోవును.

ఈ సుగుణము లోకమునకు తేరగా లభింపలేదు. తొలినాటి సాధారణ వాక్యూమ్ బ్రేకు ఇందుకు విరుద్ధముగా పనిచేసెడిది. శూన్యమున్నంతసేపే అది పట్టుకొనెడిది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా సమీపమున ఒక విహారయాత్రా రైలు ఎత్తెక్కలేక నిలిచినది. సిబ్బంది దానిని రెండుగా విడదీసిరి. ఇంజను సంబంధము తెగిన వెనుక పెట్టెలకు ఆ బ్రేకు లేకపోయెను. అవి పల్లమునకు జారి, వెనుక వచ్చుచున్న రైలును ఢీకొనెను. 80 మంది మరణించిరి. వారిలో పలువురు బాలబాలికలు. ఆ సంవత్సరముననే బ్రిటిషు పార్లమెంటు ప్రయాణికుల రైళ్లకు స్వయముగా పడు బ్రేకును శాసనముచే విధించినది.

గాలిని తోడివేయు ఈ ఉపాయమే 1901లో ధూళిపై ప్రయోగింపబడినది. గాలిని ఊది దుమ్మును లేపు ఒక యంత్రమును లండనులో చూచిన హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, ఊదుటకు బదులు పీల్చినచో మేలు కదా యని తలంచెను. ఆయన యంత్రము గుఱ్ఱపు బండిపై వచ్చి వీధిలో నిలిచెడిది. పొడవైన గొట్టములు కిటికీల గుండా ఇంటిలోనికి పోయెడివి. దానిని చేతి పరికరముగా మార్చినవాడు అమెరికాలో ఊడ్చు పని చేసిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్. ఆయనకు 1908లో పేటెంటు లభించినది. చీపురు బాధ తెలిసినవాడే చీపురుకు ప్రత్యామ్నాయము కనిపెట్టుట సహజమే! మన దేశమున 1982లో ఆరంభమైన యురేకా ఫోర్బ్స్ విక్రేతలు గడపగడపకు తిరిగి దీనిని చూపిరి.

ఇంటి యంత్రము కల్పించు శూన్యము సుమారు 5, 6 అంగుళములే. అయినను దాని రోగములు రైలు బ్రేకు రోగములే: గొట్టము పూడుట, గాలి దొంగచాటుగా చొరబడుట. వాక్యూమ్ బ్రేకుల కాలమున ట్రెయిన్ ఎగ్జామినరు శూన్యము నిలువని బండిలో పెట్టెలన్నియు విప్పెడివాడు కాదు. మధ్య నొకచోట హోస్ పైపు విడదీసి, దానిని డమ్మీపై బిగించి, దోషము ముందు భాగమునదో వెనుక భాగమునదో తేల్చుకొనెడివాడు. గృహిణియు అట్లే చేయవచ్చును. మొదట ప్లగ్గు తీసి గొట్టమును ఊడదీయవలెను. పిదప యంత్రమును నడిపి దాని రంధ్రము వద్ద అరచేయి ఉంచి చూడవలెను. పీల్పు బలముగా నున్నచో దోషము గొట్టమునదే. కఱ్ఱతో మెల్లగా త్రోసినచో అడ్డుపడిన గుడ్డపీలికయో కాగితమో వెలికి వచ్చును. గొట్టము చివర చీలినచో ఆ మేరకు కోసి బిగించుకొనవచ్చును.

రంధ్రము వద్దనే పీల్పు తగ్గినచో సంచిని, ఫిల్టరును చూడవలెను. సంచి నిండకున్నను ముగ్గుపిండి, సున్నపుపొడి వంటి మెత్తని ధూళి దాని సన్నని రంధ్రములను మూసివేయును. ఇది మన ఇండ్లలో ముఖ్యముగా గమనింపదగినది. కడుగదగిన ఫిల్టరును కడిగినచో, పూర్తిగా ఆరినపిదపనే పెట్టవలెను.

అడ్డము పడినప్పుడు మోటారు మూలుగునని పలువురి ఊహ. నిజమునకు దాని స్వరము హెచ్చును. తోయుటకు గాలి లేనందున పంకా మరింత వేగముగా తిరుగును. అయితే పెక్కు యంత్రములలో ఆ గాలియే మోటారును చల్లార్చునది. అది ఆగగా వేడి పెరుగును. రక్షక స్విచ్చి గలచో యంత్రము ఆగిపోవును. అది చెడిపోవుట కాదు. అడ్డము తొలగించి, మోటారు చల్లారువరకు వేచియున్నచో మరల నడచును. నిప్పురవ్వలు, కమురు వాసన కానవచ్చినచో మాత్రము కార్బన్ బ్రష్‌లు అరిగియుండవచ్చును. అది ఎరిగిన ఎలక్ట్రీషియను చేయదగిన పని. మార్చినచో రెండింటిని ఒక్కసారే మార్చవలెను.