కట్టడము లేచుచుండగా

2016 వసంతము మొదలుకొని మూడేండ్లపాటు, కాలిఫోర్నియాలోని అనహైము నగరమందు, డిస్నీలాండునకు వచ్చువారి కార్లను నిలుపు బహుళాంతస్తుల భవనము మీది కప్పున, లోపలి వినోదములకై తొందరపడవలసిన జనులలో కొందఱు ఆ తొందరను విడిచి, పిట్టగోడ నానుకొని, బైనాక్యులర్లతోను కెమెరాలతోను అవతలి మట్టినేలను గంటలకొలది పరిశీలించుచుండెడివారు. అచ్చట ‘స్టార్ వార్స్’ చలనచిత్రముల కల్పనాజగత్తును 14 ఎకరములలో నిర్మించుచుండిరి. ఉక్కుస్తంభములు లేచుట, వానిచుట్టు ఇనుపకడ్డీల అల్లిక చేరుట, అల్లికపై సిమెంటు పూత పడుట, పూత గట్టిపడకమునుపే పనివారు దానిని రాతిముఖములుగా చెక్కుట, ఆ రాతికి వేయేండ్ల యెండవానలను సహించిన వన్నె దిద్దుట, ఈ దశలలో నేదియు వారి కన్ను దాటిపోలేదు. సుమారు 130 అడుగుల యెత్తునకు లేచిన శిఖరమున ఏ వారమున ఏ ఛాయ పడినదో తడుముకొనక చెప్పగలవారిని నేనెఱుగుదును.

నేను సెలవులకు స్వదేశమునకు పోయి ఈ ముచ్చట చెప్పగా, పూర్తికాని కట్టడమును చూచుటలో ఏమి యానందమని బంధువులడిగిరి. 1955 డిసెంబరులో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, కృష్ణలో కూలీలు రాయిమీద రాయి పేర్చుచుండగా చూచివచ్చిన పెద్దలు మన యిండ్లలో నున్నవారే గావున, ఆ ప్రశ్నకు సగము సమాధానము వారికడనే కలదు. తక్కిన సగము అనహైము చరిత్రలో నున్నది.

ఈ నేల ఆదిని టోంగ్వా మొదలగు ఆదివాసుల సీమ. పిదప స్పెయినువారు, 1821 తరువాత మెక్సికో ప్రభుత్వము, 1848 సంధితో అమెరికా సంయుక్తరాష్ట్రములు దీనిని క్రమముగా వశపఱచుకొన్నవి. 1857లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని కొందఱు జర్మనులు ద్రాక్షతోటల కొఱకు ఒక సంఘముగా నేర్పడి, ఇచ్చట 1165 ఎకరముల బీటినేలను కొని, జార్జి హాన్సెన్ అను సర్వేయరును పనికి నియమించిరి. వాటాదారులందఱు తమ తమ వృత్తులు మానక వాయిదాలు చెల్లించుచు దూరముననే యుండగా, హాన్సెన్ ఇచ్చట శాంటా ఆనా నదినుండి కాలువ తెచ్చి, నేలను 20 ఎకరముల మళ్ళుగా విభజించి, తీగలు నాటించి, ఊరిచుట్టును విల్లోకొమ్మలతో కంచె వేయించెను. ఆ కొమ్మలు వేళ్ళూని చిగిర్చి సజీవప్రాకారమయ్యెను. 1859లో మళ్ళను పంచుకొనువఱకు, తమ యూరు ఎంతవఱకు వచ్చినదో యను వార్తయే ఆ కుటుంబములకు ఊరు. కావున ఈ నగరపు తొలిపౌరులు సైతము కట్టడము లేచుచుండగా దూరమునుండి కనిపెట్టుకొనియున్నవారే యని నేను భావింతును. అయితే కాలువ త్రవ్వినవారు, తీగలు నాటినవారు పెక్కురు ఆదివాసులు, మెక్సికనులు. వాటాదారుల పేర్లవలె వారి పేర్లు నిలువలేదు. ఈ యన్యాయమును చెప్పక ఆ కథ చెప్పుట నాకిష్టము లేదు.

1880ల నాటి తెగులుతో ద్రాక్షతోటలు నశించెను; వాని స్థానమున నారింజలు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము లాస్ ఏంజెలిసునుండి ఫ్రీవే యిటు సాగుచుండగా, వాల్ట్ డిస్నీ ఆ మార్గమునకు చేరువగా డిస్నీలాండు కొఱకు 160 ఎకరముల తోటలను కొనెను. 1954 వేసవిలో చెట్లను తొలగించి పని ప్రారంభించిరి. నది యని త్రవ్వినచోట ఇసుకనేల నీటిని పీల్చివేయగా, అడుగున బంకమట్టి పఱచి నీటిని నిలిపిరి. వనకల్పనా నిపుణుడు బిల్ ఎవాన్సు ఫ్రీవేలకై పెల్లగింపబడనున్న వృక్షములను సేకరించి తెచ్చి యిచ్చట నాటెను. పూర్వపు యజమానులగు డొమింగెజ్ కుటుంబమువారు తమ యింటిముంగిట 1896లో నాటిన తాళజాతి వృక్షమును మాత్రము కొట్టవలదని ప్రార్థింపగా, దానిని లోపలనే వేఱొకచోటికి మార్చి కాపాడిరి. అది నేటికిని బ్రతికియున్నది. ఆ యింట పుట్టిన రాన్ డొమింగెజ్ తొలినాటినుండి ఇచ్చటనే కొలువుచేసి, 1994లో ఉన్నతాధికారిగా విరమించెను.

నిర్మాణమునకు ధనము చాలనపుడు డిస్నీ ఏ.బి.సి. టెలివిజను సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఆ సంస్థ 5 లక్షల డాలర్లు మదుపు పెట్టి, మఱి 45 లక్షల ఋణమునకు పూచీపడెను; అందులకు బదులుగా ఆయన వారము వారము ఒక కార్యక్రమము నడుపవలసివచ్చెను. 1954 అక్టోబరు 27న మొదలైన ఆ కార్యక్రమములో ఆయన నమూనాలను పటములను చూపుచు, పని యెంతవఱకు సాగినదో మధ్యమధ్య దేశమునకు నివేదించెను. 1955 జూలై 17న ప్రారంభోత్సవమును ప్రసారము చేసిన ముగ్గురిలో, పిదప దేశాధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ ఒకడు. ద్వారములు తెఱవకమునుపే పెక్కుమంది బాలబాలికలు ఆ చోటిని తమదిగా నెంచుకొనిరి. కప్పుమీద నిలిచినవారిలో నెరసిన తలలు పెక్కు కనిపించుటకు కారణ మదియే.

కొత్తదానికి చోటు కావలెనన్న పాతది తొలగవలెను గదా. 2016 జనవరిలో డిస్నీలాండులోని బిగ్ థండర్ ర్యాంచి అను భాగము మూతపడెను. పడవల నదిని కుదించిరి. 2017 జూలైలో మరల నడచిన లోపలి రైలు, 1955 నుండి ఎన్నడును లేని విధముగ, తొలిసారి ఎడమవైపునకు మళ్ళెను. ఈ మార్పులకు దుఃఖించినవారును హర్షించినవారును ఆ కప్పుమీద ప్రక్కప్రక్కనే నిలిచిరి. పలువురిలో రెండు భావములును ఒక్కతూరే యుండెను. పోవుచున్న ప్రతి మలుపును, ప్రతి చెట్టును వారు ముందుగానే చిత్రములలో భద్రపఱచిరి. కేవలము ముచ్చటగొన్నవారని వీరిని త్రోసిపుచ్చువారితో నేను ఏకీభవింపజాలను. నగరకార్యాలయమున నిర్మాణానుమతుల పత్రములను ఏ పౌరుడైనను చూడవచ్చును. వీరు ఆ హక్కును వినియోగించుకొని, ఏ పునాదికి ఏ దినమున అనుమతి లభించినదో చదివి, తేదీలతో సహా వ్రాసియుంచిరి. తీగలు ఎండినపుడును, నారింజలు కూలినపుడును ఇంతటి శ్రద్ధతో దినచర్య వ్రాసినవారుండినచో, ఈ సీమచరిత్ర ఎంత నిండుగానుండెడిదో!

నా సంగతి కొంత చెప్పుకొందును. 1917 శాసనముచే మనవారికి ఈ దేశద్వారము మూయబడెను. 1946లో ఏటికి నూఱుగురికి తెఱవబడెను. 1965 తరువాతనే తెలుగువారు తగినంతమంది వచ్చి యీ పశ్చిమతీరమున నిలదొక్కుకొనిరి. 1857 నాటి మళ్ళలోగాని, 1896 నాటి వృక్షమునందుగాని నాకు వాటా లేదు. పితృపితామహుల జ్ఞాపక మొక్కటియు ఈ మట్టిలో లేదు. అయినను, నా కన్నులయెదుట పునాది పడి, నా కన్నులయెదుట శిఖరమెత్తిన దానియందు, మొదటినుండి ఇచ్చటనే పుట్టిపెరిగినవానికెంత భాగమో నాకును అంతే భాగము. ఈ దేశమున వలసవచ్చినవాడు ఊరివాడగుటకు ఇంతకంటె సులభమైన మార్గమును నేను చూడలేదు. ఇచ్చట పుట్టిన నా కుమార్తె ఆ పిట్టగోడవద్ద క్రేనులను చూచుచు, పేరైనను తెలియని ముసలివారితో ఉక్కుదూలములను గూర్చి వాదించుచుండగా, ఆమె ఈ నగరమునకు చెందినదన్న విషయమున నాకు ఎట్టి సందేహమును మిగులలేదు.

2019 మే 31న ఆ ‘స్టార్ వార్స్’ లోకము తెఱవబడెను; అందలి ప్రధానమైన విహారమొకటి మాత్రము 2020 జనవరి వఱకు సిద్ధము కాలేదు గావున కనిపెట్టువారికి అప్పటికిని పని మిగిలియే యుండెను. 2024 మే నెలలో అనహైము నగరసభ, రాబోవు దశాబ్దములలో ఇచ్చట నిర్మింపదగినవాని హద్దులను సవరించు ప్రణాళికను ఏకగ్రీవముగా ఆమోదించెను. దాని ప్రకారము డిస్నీ సంస్థ పదేండ్లలో కనీసము 190 కోట్ల డాలర్లు మదుపు పెట్టవలెను. అల్పాదాయులకు అందుబాటైన గృహములకై 3 కోట్ల డాలర్లు ఈయవలెను. కొత్త పునాదులకొఱకు మరల పిట్టగోడలవద్ద చేరువారు ఈ రెండవ లెక్కను గూడ కనిపెట్టవలెననియు, శిఖరములతోపాటు వానిపైకెక్కి కడ్డీలు కట్టువారి పేర్లను సైతము, వారి యనుమతితో, తమ దినచర్యలలో చేర్చవలెననియు నా ప్రార్థన. 1857లో జరుగనిది ఈ తూరి జరుగవచ్చును.