అడగందే పెట్టని నగరం

అమెరికాలోని సియాటెల్‌లో కరెంటు సరఫరా నగర ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆ సంస్థ పేరు సిటీ లైట్. వీధిదీపాలు చూసుకునేదీ అదే. చాలాకాలం దాని పద్ధతి మన మునిసిపాలిటీల పద్ధతే: ఫలానా స్తంభం మీద దీపం పోయిందని ఎవరైనా ఫోన్ చేస్తే మనిషి వెళ్లి మార్చేవాడు. ఎవరు ఫోన్ చేసినా ఒకటే లెక్క. ఇందులో జాతి వివక్ష ఉందంటే ఆ సంస్థలో ఎవరూ ఒప్పుకుని ఉండరు.

అయితే ఫోన్ చేసేది ఎవరు? ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లు, ఏ నంబరుకు చేయాలో తెలిసినవాళ్లు, చేస్తే పనవుతుందని అనుభవంతో ఎరిగినవాళ్లు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చే సోమాలీ డ్రైవరు చేయడు. వియత్నాం నుంచి వచ్చి కొడుకు దగ్గరుంటున్న ముసలమ్మా చేయదు. సర్కారువాళ్లకు తమ చిరునామా చెప్పడమే ఇష్టంలేనివాళ్ల సంగతి సరేసరి. దాంతో కలిగినవాళ్ల పేటల్లో, అంటే ఎక్కువగా తెల్లవాళ్లుండే చోట, దీపాలు చకచకా మారేవి. మిగతా చోట్ల చీకటి అలాగే ఉండేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఊరి పాలన ఆ సామెత మీద నడిస్తే నోరున్నవాళ్లకే అన్నీ అందుతాయి. ఈ సంగతి గ్రహించాక సిటీ లైట్ ఫిర్యాదుల కోసం ఎదురుచూడడం మానేసి, ఊరంతా వరసగా దీపాలు మార్చే పద్ధతిలోకి వచ్చింది.

ఆ గ్రహింపు దానంతట అది రాలేదు. 2004లో మేయర్ గ్రెగ్ నికల్స్ హయాంలో మొదలైన ‘జాతి, సామాజిక న్యాయ కార్యక్రమం’ వల్ల వచ్చింది. నగర ప్రభుత్వంలోని వ్యవస్థాగత జాతి వివక్షను తొలగిస్తామని బాహాటంగా చెప్పి పనిలోకి దిగిన మొదటి అమెరికన్ నగరం సియాటెలే.

ఉదారవాదుల ఊరని దానికి పేరు. గతం మాత్రం వేరే కథ చెబుతుంది. 20వ శతాబ్దం తొలి సగంలో అక్కడ చాలా పేటల్లో ఇళ్ల దస్తావేజుల్లోనే ‘నల్లవాళ్లకు, ఆసియావాళ్లకు అమ్మరాదు, అద్దెకివ్వరాదు’ అన్న షరతులు రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అయినా నల్లజాతివాళ్లు సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే ఒక్క పేట దాటి ఇల్లు సంపాదించుకోవడం గగనమయ్యేది. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్షను నిషేధించాలా అని 1964లో ఓటర్లనే అడిగితే, ఇద్దరు వద్దంటే ఒకరు సరే అన్నారు. చివరికి 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రెండు వారాలకు, నగర కౌన్సిల్ తనంతట తానే ఆ చట్టం చేసింది. దాన్ని ముందుకు నడిపిన శామ్ స్మిత్ అంతకు ముందు ఏడాదే గెలిచిన తొలి నల్లజాతి కౌన్సిల్ సభ్యుడు.

2001 ఎన్నికల ప్రచారంలో తిరుగుతున్నప్పుడు నికల్స్‌కు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. అదే నగర ప్రభుత్వం గురించి తెల్లవాళ్లు ఒక మాట, మిగతావాళ్లు పూర్తిగా వేరే మాట చెబుతున్నారు. గెలిచాక ఏం చేయాలన్నది చిక్కు ప్రశ్న. ప్రభుత్వ ఉద్యోగాల్లో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వడాన్ని 1998లోనే సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు నిషేధించేశారు. మన రిజర్వేషన్ల లాంటి దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ప్రభుత్వం తన పనితీరును తానే తిరగేసి చూసుకోవడం.

ఆ బాధ్యత నగర పౌరహక్కుల కార్యాలయం మీద పడింది. నిజానికి అది కూడా ఫిర్యాదుల మీద బతికే ఆఫీసే. ఎవరైనా వచ్చి వివక్ష జరిగిందంటే విచారించడం దాని పని. ఇప్పుడు ఎవరూ రాకముందే సాటి శాఖల ఫైళ్లలోకి తొంగిచూడాల్సి వచ్చింది. కార్యక్రమాన్ని నడిపిన గ్లెన్ హారిస్, తర్వాత ఆ కార్యాలయానికి డైరెక్టరైన జూలీ నెల్సన్ ఇందులో ముఖ్యులు. మొదట ఉద్యోగులకు శిక్షణ ఇచ్చారు. శాఖకో బృందాన్ని వేశారు. విసుక్కున్నవాళ్లు, నన్ను తప్పుపడుతున్నారా అని నొచ్చుకున్నవాళ్లు లేకపోలేదు.

నా దృష్టిలో అసలు ఆవిష్కరణ శిక్షణ కాదు, ఒక ప్రశ్నపత్రం. విధానమో, బడ్జెట్ ప్రతిపాదనో చేసే ముందు అధికారి ఆరు అంచెలు దాటాలి. ఏం ఫలితం కోరుతున్నారు? దెబ్బ తగిలేవాళ్లను అడిగారా, లెక్కలు చూశారా? లాభం ఎవరికి, భారం ఎవరి మీద? ఆ భారం తగ్గించే దారేది? తర్వాత ఎలా సరిచూసుకుంటారు? చివరికి ఎవరికి నివేదిస్తారు? అన్ని శాఖలూ దీన్ని వాడాలని 2009లో కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది. నిర్ణయం అయిపోయాక తీరిగ్గా నింపే కాగితంగా మారే ప్రమాదం దీనికీ ఉంది. సర్కారు ఫారాలన్నిటికీ ఉన్న జబ్బే అది. అయినా పని మొదలుపెట్టకముందే ‘ఎవరి మీద పడుతుంది’ అని రాతపూర్వకంగా అడిగించడం చిన్న విషయం కాదు. 2014లో నెల్సన్ మొదలుపెట్టిన జాతీయ కూటమి ద్వారా ఈ పద్ధతి వందల స్థానిక ప్రభుత్వాలకు పాకింది.

2016లో ఇదే తర్కం నొప్పి పుట్టించే చోటికి చేరింది. పేటల తరఫున నగరంతో మాట్లాడే డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లు దశాబ్దాలుగా ఉండేవి. ఆ సమావేశాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన, సొంతిళ్లున్న తెల్లవాళ్లు. నగరంలో సగం మందివి అద్దె ఇళ్లు. మేయర్ ఎడ్ మర్రే ఆ కౌన్సిళ్లతో అధికారిక సంబంధం తెంచేశారు. ఏళ్ల తరబడి జీతం లేకుండా ఊరి పని చేసినవాళ్లు భగ్గుమన్నారు. వాళ్ల కోపంలో న్యాయం లేదనలేం.

మనవాళ్లు ఈ కథలోకి వచ్చింది 2023లో. ఫిబ్రవరి 21న సియాటెల్ కౌన్సిల్ తన వివక్ష వ్యతిరేక చట్టాల్లో కులాన్ని చేర్చింది. ఆ పని చేసిన మొదటి అమెరికన్ నగరం అదే. పుణెలో పుట్టిన క్షమా సావంత్ ప్రతిపాదించగా 6-1తో నెగ్గింది. ఇది హిందువులనే వేలెత్తి చూపుతుందని ఒక వర్గం, ఇన్నాళ్లకు మా మాట విన్నారని దళిత సంఘాలు. రెండు వైపులా దక్షిణాసియావాళ్లే గొంతెత్తారు.

చట్టం నగర హద్దుల వరకే. అమెజాన్ ప్రధాన కార్యాలయం లోపల పడుతుంది. ఊరి పక్కనున్న సరస్సు అవతల రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్, తెలుగు కుటుంబాలు గుమిగూడిన బెల్‌వ్యూ బయట పడతాయి. పైగా దీని అమలు ప్రధానంగా ఫిర్యాదు మీదే. మీదే ఊరు, ఇంటిపేరేంటి, మాంసం తింటారా అంటూ మేనేజరు కులం ఆరా తీస్తుంటే, వీసా ఆ కంపెనీ చేతిలో ఉన్న కుర్రాడు పౌరహక్కుల కార్యాలయానికి వెళ్లాలి. వెళ్లాక, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్న తన కులం పేరును ముందు తన నోటితోనే చెప్పుకోవాలి.